ఇంటి నుంచి పని: డబ్బు ఎటు నుంచి ఎటు పోతోంది?

రేషను, పిల్లల ఫీజు, మందుల ఖర్చు కోసం సాయం అడగడానికి వచ్చే కుటుంబాల నోట ఈ మధ్య మరో మాట కూడా వినిపిస్తోంది. "ఇంట్లో ఉండి చేసుకునే పని ఏదైనా ఉంటే చూపించండి భాయ్, మళ్లీ మీ దగ్గర చేయి చాచకుండా బతుకుతాం" అని అడుగుతున్నారు. ఎంతో ఆత్మగౌరవంతో అడిగే మాట ఇది. దీనికి సరైన జవాబు చెబితే ఒక కుటుంబం నిలబడుతుంది. తెలియక తప్పు దారి చూపిస్తే, ఉన్న నాలుగు రూపాయలు పోయి పైన అప్పు మిగులుతుంది.

గౌడవెల్లి చుట్టూ పనులు లేవని కాదు. మేడ్చల్ పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఔటర్ రింగు రోడ్డు వెంట గోదాములు ఉన్నాయి, శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీలో మందుల కంపెనీలు ఉన్నాయి. 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాద్, మేడ్చల్ మధ్య ఎంఎంటీఎస్ రైళ్లు కూడా వచ్చాయి. అయినా చంటిబిడ్డ ఉన్న తల్లి, మంచం పట్టిన అత్తమామలను చూసుకునే కోడలు, నడవడం కష్టమైన యువకుడు, రిటైరై బీపీ, షుగరుతో ఉన్న పెద్దమనిషి షిఫ్టు డ్యూటీకి పోలేరు. ఇలాంటివారికి ఇంటి నుంచి చేసే పనే దారి. ఆ దారిలోనే మోసగాళ్లు కూడా కాచుకుని ఉన్నారు.

దాతలు ఈ విషయం ఎందుకు తెలుసుకోవాలంటే, పని వెతుక్కునేవారు ముందుగా సలహా అడిగేది మిమ్మల్నే. మీ ఫోను నుంచి వచ్చిన ప్రకటనను వాళ్లు మీ మాటగానే నమ్ముతారు. మీరిచ్చిన సొమ్ము ఆ ఇంట్లో కుట్టు మెషీను అవుతుందా, ఎవరో మోసగాడికి కట్టే "రిజిస్ట్రేషన్ ఫీజు" అవుతుందా అన్నది చాలాసార్లు ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది: ఈ పనిలో డబ్బు ఎటు నుంచి ఎటు పోతోంది?

ఇంటి పని మనకు కొత్త కాదు

"వర్క్ ఫ్రమ్ హోమ్" అనే మాట 2020 కరోనా లాక్‌డౌన్‌తో అందరి నోటా పడింది. పని మాత్రం పాతదే. హైదరాబాద్ పాతబస్తీలో కార్చోబ్, జర్దోజీ చట్రాలు తరతరాలుగా ఇళ్లలోనే ఉన్నాయి. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజుల మీద రాళ్లు అతికే పని కూడా ఎక్కువగా చిన్న ఇళ్లలో, గల్లీ కార్ఖానాల్లో జరిగేదే. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో లక్షల మంది ఆడవాళ్లు ఇంటి అరుగు మీద బీడీలు చుట్టి సంసారాలు ఈదారు.

ఈ పాత పనుల పద్ధతి గమనించండి. బీడీ కార్ఖానా నుంచి ఆకు, తంబాకు వస్తాయి. చుట్టి అప్పగిస్తే వెయ్యి బీడీలకు ఇంత అని కూలి వస్తుంది. కార్చోబ్ పనిలో సేఠు బట్ట, జరీ పంపిస్తాడు, పని అయ్యాక మజూరీ ఇస్తాడు. కూలి తక్కువే కావచ్చు, తరుగు పేరుతో కోతలు ఉండవచ్చు. కానీ సరుకు, డబ్బు రెండూ పని ఇచ్చేవాడి దగ్గర నుంచి పనివాళ్ల వైపే వచ్చాయి. పనిలో చేరడానికి ఎవరూ ఎదురు కట్టలేదు.

ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవారిని కూడా ఉద్యోగులుగానే గుర్తించింది. అందువల్ల చాలామందికి పీఎఫ్ ఖాతాలు వచ్చాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఆసరా పింఛను మొదలుపెట్టినప్పుడు అర్హతకు చూసింది ఆ పీఎఫ్ ఖాతానే. అదే చుట్టుడు చుట్టినా, లెక్క పుస్తకంలో పేరు లేని ఆడవాళ్లు మిగిలిపోయారు. ఇంటి నుంచి చేసే పనికి కూడా కాగితం ఉండాలని, ఆ కాగితానికి విలువ ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది. నేటి ఆన్‌లైన్ పనికీ ఇదే వర్తిస్తుంది.

ముందు నైపుణ్యం, తర్వాత ప్రకటన

చాలామంది చేసే పొరపాటు ప్రకటనతో మొదలుపెట్టడం. "రోజుకు రెండు గంటలు, నెలకు ముప్పై వేలు, అనుభవం అక్కరలేదు" అని ఉన్న ప్రకటన చూసి, ఆ పనికి మనం సరిపోతామా అని ఆలోచిస్తారు. వరుస తిరగేయాలి. ఈ సోదరికి ఏం వచ్చు, రోజుకు ఎన్ని గంటలు వీలవుతుంది, ఇంట్లో ఏ సామాను ఉంది అని ముందు చూడాలి. తర్వాత దానికి ఎవరు డబ్బు ఇస్తారో వెతకాలి. మన చుట్టుపక్కల ఇళ్లలో కనిపించే నైపుణ్యాలనే తీసుకుందాం.

కుట్టుపని, మగ్గం వర్కు: బాగా కుట్టే చేతికి ఏడాది పొడవునా పని ఉంటుంది. బ్లౌజులు, బురఖాలు, ఫాల్స్, పీకో, స్కూలు యూనిఫారాలు, పెళ్లి దుస్తుల మీద మగ్గం వర్కు, ఇలా ఎన్నో. మేడ్చల్, కొంపల్లి బొటిక్‌లు చాలావరకు పనిని బయట ఇళ్లకే ఇస్తాయి. ఇక్కడ కావలసింది ఒక మంచి మోటారు మెషీను, నమూనాగా చూపించడానికి కుట్టిన నాలుగైదు పీసులు.

వంట: పచ్చళ్లు, మసాలాలు, ఖుబానీ కా మీఠా, ఫంక్షన్లకు ట్రే బిర్యానీ, ఆఫీసులకు టిఫిన్ డబ్బాలు. ఇంట్లో వండి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వంటింటి వ్యాపారానికి బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు, దాని ఫీజు ఏడాదికి 100 రూపాయలే. ఆ నంబరు డబ్బా మీద ఉంటే కొనేవారికి నమ్మకం కలుగుతుంది, కిరాణా దుకాణంవాడు కూడా సరుకు పెట్టుకుంటాడు.

భాషలు: మన ఇళ్లలో తక్కువగా లెక్కగట్టే నైపుణ్యం ఇది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, బజారులో హిందీ, కాలేజీలో ఇంగ్లిష్ నేర్చిన అమ్మాయిలు ఎందరో ఉన్నారు. తెలంగాణలో ఉర్దూ రెండవ అధికార భాష. అనువాదం, ఉర్దూ టైపింగ్, ఇన్‌పేజ్‌లో పుస్తకాలు, కరపత్రాలు, పెళ్లి రుఖాలు కూర్చడం ఇంటి నుంచి చేయగల పనులు. యంత్రాలకు భాష నేర్పడానికి మాటలు చదివి రికార్డు చేసే పనులు కూడా వచ్చాయి. బెంగళూరు కేంద్రంగా నడిచే "కార్య" లాంటి సంస్థలు భారతీయ భాషల్లో ఇలాంటి పని ఇచ్చి డబ్బు చెల్లిస్తున్నాయి.

చదువు చెప్పడం: పదో తరగతి లోపు పిల్లలకు ట్యూషన్ చెప్పడానికి ఇల్లే బడి. తజ్వీద్‌తో ఖురాన్ చదవడం నేర్చిన ఆలిమాలు, హాఫిజాలు గల్ఫ్, అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న కుటుంబాల పిల్లలకు వీడియో కాల్‌లో నేర్పుతున్నారు. అక్కడి బంధువుల ద్వారా ఒక్క కుటుంబం పరిచయమైతే, ఆ కుటుంబమే మరో రెండు కుటుంబాలకు చెబుతుంది. సమయ వ్యత్యాసం ముందే చూసుకోవాలి. అమెరికా పిల్లల సాయంత్రం మనకు తెల్లవారుజాము, ఫజర్ వేళ అవుతుంది.

లెక్కలు, కంప్యూటరు: బీకామ్ చదివి ట్యాలీ, జీఎస్టీ నేర్చినవారు చిన్న దుకాణాల లెక్కలు ఇంటి నుంచి రాయగలరు. మేడ్చల్ రోడ్డు మీది ప్రతి హార్డ్‌వేర్ దుకాణానికీ ఈ అవసరం ఉంది. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ చదివినవారికి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ ఉద్యోగాలు ఉన్నాయి. కాకపోతే సాధారణంగా మొదట ఆఫీసులో పనిచేసి చేయి తిరిగాకే ఇంటి నుంచి చేసే వీలు ఇస్తారు. కస్టమర్ సపోర్టు ఉద్యోగాల్లో కొన్ని ఇంటి నుంచే ఉంటాయి. వాటికి నిశ్శబ్దమైన గది, నిలకడైన ఇంటర్నెట్, నిర్ణీత వేళలు తప్పనిసరి.

కాగితం చూసి టైపు చేసే పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్కాన్ చేసిన పేజీని అక్షరాలుగా మార్చే పనిని ఇప్పుడు యంత్రమే క్షణాల్లో చేస్తోంది. అలాంటప్పుడు పేజీకి యాభై, వంద రూపాయలు ఇచ్చి ఎవరైనా ఎందుకు టైపు చేయించుకుంటారు? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే గోడల మీద, ఫోన్లలో కనిపించే టైపింగ్ ప్రకటనల్లో ఎక్కువ భాగం రాలిపోతాయి.

మిగిలేది ఎంతో లెక్క వేయాలి

నిజమైన పని దొరికినా, ఆ పని గిట్టుబాటు అవుతుందో లేదో చూడాలి. ఒక బ్లౌజుకు 150 రూపాయలు వస్తాయనుకుందాం. దారం, హుక్కులు, లైనింగు, కరెంటు, తెచ్చి ఇచ్చే ఆటో ఖర్చు కలిపి 50 పోతే చేతికి 100. దానికి రెండున్నర గంటలు పడితే గంటకు 40 రూపాయలు. ఇది సరిపోతుందా, ధర పెంచమనాలా, లేక అదే సమయంలో ట్యూషన్ చెప్పుకోవడం మేలా అన్నది అప్పుడు తేలుతుంది. చాలామంది ఆడవాళ్లు తమ గంటల్ని లెక్కలోకే తీసుకోరు. రాత్రి పన్నెండు దాకా మెషీను మీద కూర్చున్నా "ఖాళీ టైంలో చేశా" అంటారు. ఒక నోటుపుస్తకంలో తేదీ, పని, గంటలు, ఖర్చు, వచ్చింది, రావలసింది రాసుకునే అలవాటు చేస్తే, నాలుగు నెలల్లో ఆ పుస్తకమే దారి చూపుతుంది. బ్యాంకులో చిన్న రుణం అడిగేటప్పుడు, సంఘాల దగ్గర సాయం కోరేటప్పుడు కూడా అది పనికొస్తుంది.

మోసం నడిచే తీరు

2023 డిసెంబర్ 6న కేంద్ర హోం శాఖ పార్ట్‌టైమ్ ఉద్యోగాల పేరుతో మోసాలు చేస్తున్న 100కు పైగా వెబ్‌సైట్లను నిలిపివేసినట్టు ప్రకటించింది. ఆ ప్రకటన ప్రకారం ఈ ముఠాలు ప్రధానంగా గురిపెట్టేది రిటైరైన ఉద్యోగులను, ఆడవాళ్లను, నిరుద్యోగ యువతను. "ఘర్ బైఠే జాబ్" లాంటి మాటలతో పలు భాషల్లో ప్రకటనలు వేసి, స్పందించినవారిని వాట్సాప్‌లోకి, టెలిగ్రామ్‌లోకి లాగుతారు.

మన నగరంలోనే బయటపడిన ఒక కేసు ఈ వల ఎంత పెద్దదో చూపిస్తుంది. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు ఒక ముఠా గుట్టు రట్టు చేశారు. ఒక నగరవాసి పార్ట్‌టైమ్ పని అని నమ్మి 28 లక్షలకు పైగా పోగొట్టుకుని ఇచ్చిన ఫిర్యాదుతో దర్యాప్తు మొదలైంది. తీగ లాగితే దేశమంతటా సుమారు 15,000 మంది నుంచి 712 కోట్ల రూపాయలు కొల్లగొట్టినట్టు తేలింది. టెలిగ్రామ్‌లో రేటింగులు, రివ్యూలు ఇచ్చే తేలిక పని అని మొదలుపెట్టారు. ముందు చిన్న మొత్తం కట్టించుకుని లాభంతో సహా తిరిగి ఇచ్చారు. నమ్మకం కుదిరాక పెద్ద మొత్తాలు కట్టించారు. తెర మీద లాభం లక్షల్లో కనిపించింది, తీసుకోబోతే మాత్రం ఒక్క రూపాయి రాలేదు. "ఇంకా ఇంత కడితే అంతా ఒకేసారి వస్తుంది" అని మళ్లీ మళ్లీ కట్టించారు.

ముందు నాలుగు రూపాయలు నిజంగానే చేతికి రావడం ఇందులో అసలు ఎర. చదువుకున్నవారు, మంచి ఉద్యోగాలు చేసేవారు కూడా ఇందుకే పడిపోతున్నారు. కాబట్టి మోసపోయిన సోదరిని "ఇంత తెలివితక్కువగా ఎలా నమ్మావు?" అని అడగకూడదు. ఆ మాటకు భయపడే చాలామంది ఇంట్లో కూడా చెప్పుకోలేక, పోయినదాన్ని రాబట్టుకోవాలని మరింత అప్పు తెచ్చి కడతారు.

రెండో రకం టైపింగ్ మోసం. ఫారాలు నింపే పని అని చెప్పి, ఆధార్, సంతకం తీసుకుని ఒక "అగ్రిమెంటు" పంపిస్తారు. వారం రోజులు నిద్ర మానుకుని పని పూర్తిచేస్తే, తప్పులు ఎక్కువయ్యాయని, నష్టపరిహారం కట్టాలని వకీలు పేరుతో నోటీసు వస్తుంది. కోర్టు పేరు చెప్పి వాట్సాప్‌లో బెదిరించి, సాయంత్రంలోగా ఫలానా నంబరుకు డబ్బు పంపమనే పద్ధతి ఏ కోర్టుకూ లేదు. పరువు పోతుందన్న భయమే వాళ్ల పెట్టుబడి.

మూడోది మరీ ప్రమాదకరం. "మీ బ్యాంకు ఖాతా వాడుకుంటాం, వచ్చిన డబ్బును మేం చెప్పిన చోటికి పంపితే కమీషన్ ఇస్తాం" అంటారు. ఇక్కడ డబ్బు మన వైపే వస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఇంకో బాధితుడి సొమ్ము. ఖాతా స్తంభించిపోతుంది, ఖాతాదారు మీద కేసు అవుతుంది. కాలేజీ పిల్లలు నాలుగైదు వేలకు ఆశపడి పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము అప్పగిస్తున్నారు. అది ఉద్యోగం కాదని, నేరంలో భాగం పంచుకోవడమేనని మన పిల్లలకు గట్టిగా చెప్పాలి.

నాలుగోది ముడిసరుకు మోసం. అగరుబత్తీలు, పెన్సిల్ ప్యాకింగు, బొట్టుబిళ్లలు అంటూ, "మెషీను మా దగ్గరే కొనండి, తయారైన సరుకంతా మేమే తీసుకుంటాం" అంటారు. మెషీను అమ్ముడుపోయాక ఫోను ఎత్తరు. మెషీను కొనడం తప్పు కాదు. కానీ సరుకు కొంటానన్న వ్యక్తి ఒక్కడే ఉండి, అతనే మెషీను కూడా అమ్ముతుంటే, అతని వ్యాపారం మెషీన్లు అమ్మడమే అనుకోవాలి.

అసలు పనికి ఉండే గుర్తులు

ఎవరైనా ఒక ప్రకటన తెచ్చి చూపిస్తే ఈ కింది విషయాలు వరుసగా చూడండి. పది నిమిషాల పని.

1. ఎదురు డబ్బు అడుగుతున్నారా? రిజిస్ట్రేషన్, సెక్యూరిటీ డిపాజిట్, ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ చార్జీ, ట్రైనింగు, పేరు ఏదైనా సరే, ఉద్యోగం ఇచ్చేవారు డబ్బు అడిగితే అక్కడితో ఆపేయాలి. మన ఇష్టప్రకారం బయట నేర్చుకునే కోర్సు, మనం కొనుక్కునే మెషీను వేరు. అవి పని పోయినా మన దగ్గరే ఉంటాయి.

2. పని ఇచ్చేది ఎవరు? కంపెనీ పేరును కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో, జీఎస్టీ నంబరును జీఎస్టీ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. పెద్ద కంపెనీల పేరు, లోగో వాడుకునే మోసాలు ఎక్కువ. కాబట్టి వచ్చిన మెసేజిలోని నంబరుకు కాకుండా, ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి.

3. ఇంటర్వ్యూ జరిగిందా? ఏమీ అడగకుండా, ఏమీ పరీక్షించకుండా పది నిమిషాల్లో "సెలెక్ట్ అయ్యారు" అంటే అనుమానించాలి. పని ఇచ్చేవాడికి పనివాడి చేతి నేర్పు చూడాల్సిన అవసరం ఉంటుంది.

4. పని వల్ల ఎవరికి లాభం? వీడియోకు లైక్ కొడితే 50 రూపాయలు ఇచ్చేవాడికి ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? జవాబు దొరక్కపోతే అది పని కాదు.

5. కూలి, తేదీ, పద్ధతి రాతలో ఉన్నాయా? బొటిక్ పనికి పెద్ద అగ్రిమెంటు అక్కరలేదు. పీసుకు ఎంత, ఎప్పుడు ఇస్తారు అన్నది వాట్సాప్‌లో ఒక్క మెసేజి పెట్టించుకున్నా ఆధారమే.

6. ఏమేం అడుగుతున్నారు? జీతం వేయడానికి ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చాలు. ఓటీపీ, ఏటీఎం కార్డు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకూడదు. మెసేజిలో వచ్చిన యాప్ ఫైలు ఫోనులో వేసుకోకూడదు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ను కొట్టాల్సిన పని లేదు. పిన్ను కొట్టమన్నారంటే మన డబ్బే పోతోందని అర్థం.

ఈ ఆరింటిలో మొదటిదే తూకపు రాయి. అక్కడ తేడా వస్తే మిగిలినవి చూడాల్సిన పని లేదు.

ఎక్కడ వెతకాలి?

కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు ఉచితం. ఇంటి నుంచి చేసే ఉద్యోగాలను కూడా అందులో వెతకవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం తరఫున డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్, "డీట్" ఉంది. డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకు "టాస్క్", కుట్టు, కంప్యూటరు లాంటి కోర్సులకు "సెట్విన్" శిక్షణ ఇస్తాయి. మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఆయా పథకాల కింద కుట్టు మెషీన్లు ఇస్తుంటుంది, ప్రకటన వచ్చినప్పుడు గడువులోగా దరఖాస్తు చేయించాలి. సొంతంగా పని చేసుకునేవారికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అసంఘటిత కార్మికులకు ఈ-శ్రమ్ కార్డు ఉచితంగా వస్తాయి. వీటికి వందలు, వేలు తీసుకునే దళారులను నమ్మనక్కరలేదు.

ఇవన్నీ మంచివే. అయితే కుట్టు, వంట, ట్యూషన్, దుకాణం లెక్కల విషయంలో మొదటి పని సాధారణంగా పోర్టల్ నుంచి రాదు, తెలిసినవారి నుంచే వస్తుంది. ఇక్కడే దాతల అవసరం డబ్బుకు మించి ఉంటుంది.

మోసపోతే వెంటనే ఏం చేయాలి?

మొదటి గంట చాలా విలువైనది. 1930 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత మన బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ ఆపించాలి. కోపంతో చాట్‌లు తుడిచేయకూడదు. స్క్రీన్‌షాట్లు, లావాదేవీ నంబర్లు, అవతలి ఫోను నంబర్లు అన్నీ సాక్ష్యాలే. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోవాలి. "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి" అని వచ్చే ఫోన్లు అదే మోసానికి రెండో భాగం.

టైపింగ్ అగ్రిమెంటు బెదిరింపులు వస్తుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. దాని హెల్ప్‌లైన్ 15100. అటు భయపడుతున్న అమ్మాయికి తోడుగా పోలీస్ స్టేషన్ దాకా ఒక పెద్దమనిషి నడిచినా అది గొప్ప సాయమే.

దాతలు చేయగలిగినవి

ఫోనుకు వచ్చిన ఉద్యోగ ప్రకటనను పరీక్షించకుండా మహల్లా గ్రూపులో పెట్టకండి. "ఎవరికైనా పనికొస్తుందేమో" అన్న మంచి మనసుతోనే పంపుతాం. చదివేవారు మాత్రం "హాజీ సాబ్ పంపారు, నిజమే అయి ఉంటుంది" అనుకుంటారు. మీ మీద వాళ్లకున్న నమ్మకం కూడా అమానతే.

సాయం ఇచ్చే ముందు ఆ వ్యక్తికి వచ్చిన పనేమిటో, ఉన్న సమయమెంతో అడగండి. కుట్టడం రాని ఇంటికి కుట్టు మెషీను ఇస్తే అది మూలన పడుతుంది, లేదా సగం ధరకు అమ్ముడుపోతుంది. ట్యాలీ వచ్చిన అమ్మాయికి కావలసింది పాతదైనా పనిచేసే ల్యాప్‌టాప్, ఆరు నెలల ఇంటర్నెట్. ఆలిమాకు కావలసింది ఒక మంచి ఇయర్‌ఫోను, విదేశంలో ఉన్న మీ బంధువుల పరిచయం. కోర్సు ఫీజు ఇచ్చేటప్పుడు సంస్థకే నేరుగా కట్టి రసీదు తీసుకుంటే ఇద్దరికీ నిశ్చింత. ఏ ఖర్చు జకాత్ కింద చెల్లుతుంది, ఏది సదఖా కింద పెట్టాలి అన్నది ఉలమాను అడిగి చేయండి.

మొదటి ఖాతాదారు మీరే కండి. మీ ఇంట్లో పెళ్లి ఉంటే బట్టల మీద వర్కు, మీ స్కూలుకు యూనిఫారాలు, మీ దుకాణానికి లెక్కలు, మీ ఆఫీసుకు టిఫిన్లు, ఇవన్నీ ఎవరో ఒకరికి ఇచ్చే పనులే. నాణ్యత బాగా లేకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, సరిచేసుకునే అవకాశం ఇవ్వండి. ధర మాత్రం బజారు ధరే ఇవ్వండి, అదీ చెప్పిన తేదీకి. "మన వాళ్లే కదా, పండగకు ఇద్దాంలే" అని ఆపిన రెండు వేలు ఆ ఇంట్లో కరెంటు బిల్లు కావచ్చు.

మీలో కంపెనీల్లో హెచ్ఆర్ పని చేసినవారు, బ్యాంకు ఉద్యోగులు, వకీళ్లు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఉన్నారు. నెలకు ఒక్క గంట ఇవ్వగలిగితే చాలు. వచ్చిన ఆఫర్ లెటరు అసలుదో కాదో చూసిపెట్టడం, బయోడేటా సరిచేయడం, ఇంటర్వ్యూకు అలవాటు చేయించడం మీకు తేలిక, వాళ్లకు ఎంతో బరువైన పనులు. ఆడవాళ్ల విషయంలో ఈ సలహా ఇచ్చేవారు కూడా ఆడవాళ్లే అయితే మనసు విప్పి అడుగుతారు.

ఒక ఇంటికి నెలసరి రేషను ఇవ్వడం అవసరమే, అది ఆగకూడదు. దానితో పాటు ఆ ఇంట్లో ఒక్కరికి సరిపడే పని కుదిర్చి, మొదటి మూడు నెలల మజూరీ చేతికి అందేదాకా వెంట ఉంటే, కొన్నాళ్లకు ఆ రేషను ఇంకో ఇంటికి పంపే వీలు కలుగుతుంది. ఈ సంచిక చదివిన ప్రతి దాతా ఈ ఏడాది తనకు తెలిసిన ఒక్క సోదరికో, సోదరుడికో ఆ మొదటి పని ఇప్పించాలని, ఆ పని కోసం వాళ్లు ఎవరికీ ఎదురు కట్టకుండా చూడాలని మనవి.